పొట్టి గుమ్మం

ఆ ఊళ్ళో ఆమెను అందరూ పొడుగమ్మ అనేవాళ్ళు. కాపురానికి వచ్చిన రోజే పడింది ఆ పేరు. వసారా దాటి, నట్టిల్లు దాటి, వంటింట్లోకి అడుగు పెట్టబోతూ గుమ్మం పైనున్న అడ్డదూలానికి నుదురు ఠంగుమని కొట్టుకుంది. కళ్ళు బైర్లు కమ్మాయి. చుట్టూ ఉన్నవాళ్ళు ముందు అయ్యో అన్నారు, ఆ వెంటనే పకపకా నవ్వారు. ఆడపడుచు తడిగుడ్డ తెచ్చి నుదుటికి అద్దుతూ, "ఈ దూలం మా అందరి తలలూ చూసింది అమ్మాయ్. ఇవాళ్టితో నువ్వూ మాలో కలిసిపోయావు" అంది. కొత్తపెళ్ళికూతురికి ఆ మాట ఎంతో నచ్చింది. బొప్పి తడుముకుంటూనే తనూ నవ్వింది.

ఆ ఇల్లు మామగారు కట్టించింది. ఆయన పొట్టి. అత్తగారు ఇంకా పొట్టి. పొగ నట్టింట్లోకి రాకుండా ఉంటుందని వంటింటి గుమ్మాన్ని కావాలనే కిందికి దించి పెట్టించారట. పొడుగమ్మ వచ్చేనాటికి వాళ్ళిద్దరూ లేరు. ఇంట్లో మిగిలింది ఆమె భర్త ఒక్కడే. ఊళ్ళో పొలాల మోటార్లన్నీ అతనే బాగుచేసేవాడు కాబట్టి మోటారాయన అనేవాళ్ళు. అతనికి పైన ఒక అక్క, కింద ఒక తమ్ముడు. ఇద్దరూ ఊరు విడిచి ఎప్పుడో వెళ్ళిపోయారు.

పొడుగమ్మ తండ్రి రోడ్డు రోలరు నడిపేవాడు. రోడ్డు ఎటు పోతే కాపురం అటు. రేకుల షెడ్డు, గుడారం, ఎవరి పంచలోనో అద్దెగది. ఒక ఊళ్ళో అక్షరాలు దిద్దితే ఇంకో ఊళ్ళో గుణింతాలు నేర్చుకుంది. "మా చిన్నప్పటి ఇల్లు" అని చూపించుకోవడానికి ఆమెకు ఒక గోడ కూడా లేదు. అందుకే అత్తింటివాళ్ళు వచ్చి కూర్చుని ఈ స్తంభం దగ్గర తమ్ముడు పాలపన్ను ఊడగొట్టుకున్నాడనీ, ఆ గూట్లో అమ్మ చిల్లర దాచేదనీ, అటక మీద పిల్లి ఈనిందనీ చెప్పుకుంటుంటే ఆమె పనులు మానుకుని వినేది. కొన్నేళ్ళకు ఆ కథలు వాళ్ళకంటే ఆమెకే బాగా వచ్చేశాయి. వాళ్ళు మరిచిపోతే ఆమె అందించేది. "చూశావా, మనకంటే మన మరదలికే మన ఇల్లు బాగా తెలుసు" అని ఆడపడుచు మురిసిపోయేది.

వాళ్ళు రావడానికి కాలాలున్నాయి. మొదటి వానలకు మరిది వచ్చేవాడు. అతను పట్నంలో ఎత్తయిన భవనంలో ఉండేవాడు. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకొకరి గోడ. వాన పడిందని అన్న ఫోన్లో చెప్తే చాలు, పెళ్ళాంపిల్లల్ని వెంటేసుకుని దిగిపోయేవాడు. నట్టింటి పెంకులు కారేవి. కారే చోటల్లా గిన్నె పెట్టించి, వాటి మధ్య చాప వేసుకుని పడుకుని కళ్ళు మూసుకునేవాడు.

"ఈ చప్పుడు వింటే నాకు అయిదేళ్ళ వయసొచ్చేస్తుంది వదినా."

"ఈసారి ఎండాకాలం పెంకులు తిరగేయిద్దామనుకుంటున్నాం" అంది ఆమె ఒకసారి, గిన్నె పారబోస్తూ.

అతను లేచి కూర్చున్నాడు. "అయ్యో, అంతపని చెయ్యకండి. ఈ చప్పుడు పోతే ఇంకేం మిగుల్తుంది?"

అతను రెండు మూడు రోజులు విని వెళ్ళిపోయేవాడు. మిగిలిన వానాకాలమంతా గిన్నెలు పారబోసేది ఆమె.

చలి మొదలవగానే ఆడపడుచు వచ్చేది. ఆవిడకు పొద్దున్నే పెరట్లో పెద్ద రాగికాగులో కట్టెలమీద కాగిన నీళ్ళే కావాలి. ఆ పొగవాసన తలకు పట్టాలి. పొడుగమ్మ ఎప్పుడో తెచ్చుకున్న నీళ్ళు కాచే కరెంటు రాడ్డు గోడకు వేలాడుతుంటే చూసి ముఖం ముడుచుకుంది. "అమ్మ ఉంటే దీన్ని గడప తొక్కనిచ్చేదా?" అంది. ఆ తరవాత ఆవిడ వచ్చే ముందు రాడ్డును బియ్యం డబ్బా వెనక దాచడం పొడుగమ్మకు అలవాటైపోయింది.

ఎండాకాలం మాత్రం అందరూ వచ్చేవాళ్ళు. పిల్లలకు సెలవులు. ఇల్లంతా కిటకిటలాడేది. స్నానానికి ఒకరి వెనక ఒకరు. ఒకరికి పంచదార వేసిన టీ, ఒకరికి వెయ్యని టీ, మరిది చిన్నకొడుక్కి ఆరేడేళ్ళయినా సీసాలో పాలు. ఆరుబయట పక్కలు పరవడం, పొద్దున్నే చుట్టడం. వెళ్ళేటప్పుడు ప్రతి ఒక్కరూ గోడలు నిమిరి, కళ్ళు తుడుచుకుని, "ఇల్లు ఇలాగే ఉంచు తల్లీ" అని ఆమె చేతులు పట్టుకునేవాళ్ళు.

ఎండాకాలంలోనే ఆమెకు ఊపిరాడని పని. పెళ్ళయిన కొత్తల్లో మోటారాయన దగ్గర కూర్చుని ఊసుపోకకు తీగ చుట్టడం నేర్చుకుంది. కాలిన మోటారు విప్పి, మాడిన తీగ కోసి లాగి, గాడులు గీకి శుభ్రంచేసి, కొత్త కాగితం దూర్చి, రాగితీగ చుట్లు ఒక్కొక్కటే పైపూత గీసుకుపోకుండా గాడిలో పరచి, చివర వార్నిష్‌లో ముంచి ఎండకు ఆరబెట్టాలి. చుట్టడానికి సన్నటి వేళ్ళు కావాలి, ఓపిక కావాలి. అతని వేళ్ళు లావు. పోనుపోను విప్పడం, బిగించడం అతనిదీ, చుట్టడం ఆమెదీ అయింది. ఎండలు ముదిరి బావుల్లో నీరు అడుగంటితే మోటార్లు ఒకటి తరవాత ఒకటి కాలిపోయేవి. రైతులు బండ్ల మీద వేసుకొచ్చి వాకిట్లో నిలబడేవాళ్ళు. తోట ఎండిపోతోందమ్మా, సాయంత్రానికి ఇయ్యగలవా అని బతిమాలేవాళ్ళు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆమె పనిచేసుకునే రేకుల షెడ్డు ఖాళీ చెయ్యమనేవాళ్ళు చుట్టాలు. అక్కడ మంచాలు వెయ్యాలి. ఒకప్పుడు నాన్న పూలమొక్కలు పెంచిన చోటట అది. వార్నిష్ కంపుకు తలనొప్పి వస్తోందట. పొడుగమ్మ తన పీట, తీగచుట్టలు, ఇస్త్రీపెట్టెంత బరువున్న మోటార్ల లోపలి భాగాలు ఒక్కొక్కటే మోసుకుని స్నానాలగది వెనక్కి పోయి కూర్చునేది. పైన నీడ లేదు. తీగ చుడుతూ ఉండగా లోపల్నుంచి కేక వినిపించేది: "వదినా, పెరుగెక్కడుందీ?"

"మీవాళ్ళకు చెప్పొచ్చుగా, ఈ నెల్లో మనకు పనుంటుందని" అంది భర్తతో ఒకసారి.

మోటారాయన నీళ్ళు నమిలాడు. "ఎట్లా చెప్పనే? ఇల్లు ముగ్గురిదీ. ఉంటున్నది మనం. వాళ్ళు ఏనాడన్నా అద్దె అన్నారా, వాటా అన్నారా?"

ఆ మాటతో ఆమె నోరు మూతపడిపోయేది. వాళ్ళు అడగకపోవడమే మెడకు ఉచ్చయింది. అడిగి ఉంటే ఎంతో కొంత ఇచ్చేసి, గోడకు మేకు కొట్టుకునే హక్కయినా కొనుక్కునేది.

ఇక ఆ గుమ్మం. రోజుకు ఎన్నిసార్లు దాటుతుందో ఎవరు చెప్పగలరు? దాటిన ప్రతిసారీ వంగాలి. చేతిలో సలసలా మరిగే గిన్నె ఉన్నా, చంకలో పిల్ల ఉన్నా, పరాకున్నా. మర్చిపోతే దూలం గుర్తుచేసేది. నుదుటి మీద ఒకచోట చర్మం గట్టిపడి కాయ కాచింది. నడుంనొప్పి ముప్పై అయిదేళ్ళకే మొదలైంది. దూలం తీయించి గుమ్మం ఎత్తిద్దామని ఆమె అన్నప్పుడల్లా భర్త, "కాస్త వంగితే పోలా" అనేవాడు. ఆడపడుచయితే నవ్వేసేది. "దెబ్బ తగలకపోతే అది మన ఇల్లెట్లా అవుతుందే!"

పొడుగమ్మకు ఒక్కతే కూతురు. టౌనులో నర్సు చదువు చదువుతూ హాస్టల్లో ఉండేది. దాని సెలవులూ ఇంటికి చుట్టాలొచ్చే సెలవులూ ఒక్కటే. వచ్చినప్పుడల్లా ఆ పిల్ల సామాన్ల గదిలో ధాన్యపు బస్తాల పక్కన ముడుచుకుని పడుకునేది. ఆ ఏడు ఎండాకాలం ముందు ఫోన్ చేసి, ఈసారి స్నేహితురాలింటికి వెళ్తానంది.

"అదేంటే, ఇంటికి రావా?" అంది పొడుగమ్మ.

"వస్తే ఎక్కడ పడుకోనమ్మా?"

కోపంగా అనలేదు ఆ పిల్ల. మామూలుగా అడిగింది, బస్సు ఎన్నింటికి అన్నట్టు. పొడుగమ్మ "సరే, జాగ్రత్త" అని పెట్టేసింది. ఆ పూటంతా తీగ చుడుతూ వరస తప్పి, విప్పి, మళ్ళీ చుట్టింది.

ఆ ఎండాకాలమే ఆమె చెయ్యి కాలింది. ఇంటినిండా జనం. పొద్దున పాలు కాచి పెద్దగిన్నెతో నట్టింట్లోకి తెస్తోంది. కాళ్ళకు అడ్డంగా మరిది కొడుకు పరిగెత్తాడు. వాణ్ణి తప్పించబోయి వంగడం మర్చిపోయింది. దూలం తగిలింది. కాగిన పాలు కుడిచేతి మీదుగా ఒలికాయి. గిన్నె మాత్రం వదల్లేదు, పిల్లాడి మీద పడుతుందని.

ఆడపడుచు పరిగెత్తుకొచ్చి చన్నీళ్ళు పోసింది, మందు రాసింది, విసనకర్రతో విసురుతూ మధ్యాహ్నందాకా పక్కనే కూర్చుంది. ప్రేమలేని మనిషి కాదు ఆవిడ. "మేమంతా ఈ గుమ్మం దగ్గర దెబ్బలు తిని పెరిగినవాళ్ళమే" అని ఓదార్చింది. పొడుగమ్మ కళ్ళు మూసుకుని, మీరు పెరిగి వెళ్ళిపోయారు వదినా అనుకుంది.

ఆ నెల చేతికి కట్టు. వాకిట్లో కాలిన మోటార్లు వరసగా పేరుకున్నాయి. మోటారాయన తనే చుట్టబోతే పైపూత గీసుకుపోయి, బిగించి మీట వేయగానే మళ్ళీ కాలింది. ఒక రైతు తోట సగం ఎండబెట్టుకుని, మోటారు బండికెత్తుకుని టౌనుకు తీసుకుపోయాడు. పోతూ ఏమీ అనలేదు. అంటే బాగుండేదనిపించింది ఆమెకు.

చుట్టాలు వెళ్ళిపోయారు. కట్టు ఊడింది. మబ్బులు కమ్ముతున్నాయి. మోటారాయన పై ఊరికి మోటారు బిగించడానికి పోయిన రోజు, ఆమె తాపీమేస్త్రిని పిలిపించింది.

మేస్త్రి గుమ్మం ముందు నిలబడి, దూలం మీద చెయ్యేసి అటూ ఇటూ చూశాడు. "పాతకాలపు పని. రాయిలా ఉంది. ఆయనకు చెప్పారా?"

"చెప్పే పిలిచాను."

"ఎవరికి?"

"నాకు" అంది పొడుగమ్మ.

మేస్త్రి తల గోక్కుని, సుత్తి తీశాడు. సాయంత్రానికి దూలం పెరట్లో పడుంది. గుమ్మం మూరెడు పైకి లేచింది. పచ్చి సిమెంటు వాసన. ఆమె ఖాళీ చేతులతో లోపలికి వెళ్ళి, బయటికొచ్చి, మళ్ళీ వెళ్ళింది. తల ఎత్తి నడవడం ఆ ఇంట్లో కొత్త. కాస్త భయమేసింది కూడా.

మోటారాయన చీకటి పడకముందే వచ్చాడు. చేతులు కడుక్కుని వంటింటి వైపు వచ్చి ఆగిపోయాడు. చాలాసేపు పైకి చూశాడు. "గాలి బాగా వస్తోందే" అన్నాడు. ఆమెకు గుండె తేలికపడింది. అన్నం పెడుతుంటే మెల్లగా అడిగాడు: "అక్కకేం చెబుదాం?"

చెప్పే అవసరం రాలేదు. వానలు పడ్డాయి. మరిది వచ్చాడు. చెప్పులు విప్పుతూనే వంటింట్లోకి తొంగిచూసి అలవాటుగా తల వంచాడు, వంచిన తల పైకెత్తి చూశాడు, నోరు తెరిచాడు. వెంటనే ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. కాసేపటికే ఫోన్ మోగింది. అది అక్క ఫోనని, అతను వసారాలోకి పోయి గొంతు తగ్గించిన తీరులోనే తెలిసిపోయింది.

మర్నాడు ఆడపడుచు తడిసి ముద్దై బస్సు దిగింది. ఇచ్చిన తువ్వాలు తీసుకోలేదు. నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్ళి, కొత్త సిమెంటును వేళ్ళతో తడిమింది. పెరట్లోకి వెళ్ళి, వానలో తడుస్తున్న దూలాన్ని చూసింది. దూలం మీద చెయ్యిపెట్టి అక్కడే బురదలో కూలబడి, చచ్చిపోయిన తల్లి అప్పుడే పోయినట్టు ఏడ్చింది. మరిది వెళ్ళి లేపాడు.

"నన్నొక్క మాట అడగొచ్చుగా" అంది లోపలికొచ్చాక.

"అడిగాను వదినా. చాలాసార్లు."

"అడిగితే నేనేమన్నాను?"

"నవ్వారు."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నవ్వాను కాబట్టి పడగొట్టిస్తావా? ఇది నీ ఇల్లనుకున్నావా?"

మరిది గోడ వైపు తిరిగాడు. అన్నాళ్ళూ ఎవరి నోటా రాని మాట అది. ఆ మాట అన్న ఆవిడ కూడా ఉలిక్కిపడినట్టే కనిపించింది.

"లేదు వదినా" అంది పొడుగమ్మ నెమ్మదిగా. "వచ్చిన రోజు నుంచీ కాదనే అనుకుంటున్నాను. ఇక్కడ నేను చిన్నపిల్లనై ఆడుకోలేదు. నాకు ఈ గోడల్లో ఏమీ లేదు. మీకున్నవి దుమ్ము పట్టకుండా తుడుస్తున్నాను, అంతే. కానీ నా చెయ్యి మాత్రం నాదే కదా."

మచ్చ పడిన చెయ్యి చూపించాలని ఆమెకు లేదు. అయినా చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆడపడుచు దాన్ని చూసి, చూపు తిప్పుకుంది. ఆ తరవాత మాటలు ఆమెతో కాదు, పెద్ద తమ్ముడితో. "నువ్వు చెప్పరా. నువ్వేమంటావు?"

మోటారాయన స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. అక్క వైపు చూశాడు, నేల వైపు చూశాడు. పెళ్ళాం వైపు మాత్రం చూడలేదు.

"పెట్టిద్దాంలే అక్కా. ఏడవకు. మళ్ళీ అట్లాగే పెట్టిద్దాం."

వాన తెరిపిచ్చాక అదే తాపీమేస్త్రి వచ్చాడు. అదే దూలాన్ని ఇద్దరు కూలీలతో ఎత్తించి, పాత చోటునే పెట్టి, చుట్టూ సిమెంటు మెత్తాడు. పని నడుస్తున్నంతసేపూ పొడుగమ్మ పొయ్యి దగ్గరే ఉంది. మేస్త్రికి టీ ఇచ్చింది. అతను గ్లాసు తీసుకుంటూ తల దించుకుని, "నా తప్పేం లేదమ్మా" అన్నాడు. "తెలుసు" అంది. గుమ్మం కిందికి దిగుతున్న కొద్దీ వంటింట్లో వెలుతురు తగ్గింది. చివరి తాపీ దెబ్బ అయ్యాక ఆమె గ్లాసులు తీసుకుని, ఒళ్ళు వంచి బయటికి వచ్చింది.

ఆమె పోట్లాడలేదు. అలగలేదు. వండింది, వడ్డించింది. మోటారాయన మాట్లాడించబోతే ఊఁ కొట్టేది. ఒకరోజు అతనే ఉండబట్టలేక, "నన్ను తిట్టవే, పోనీ" అన్నాడు.

"తిడితే మీకు తేలికవుతుంది" అంది. తీగ చుడుతూనే ఉంది.

చలికాలం ముందు, ఊరి బయట నాలుగు రోడ్లు కలిసే చోట ఒక సైకిల్ షాపు ఖాళీ అయిందని తెలిసింది. పక్కన పంక్చర్లు వేసేవాడు, అవతల పురుగుమందుల కొట్టు. పొడుగమ్మ వెళ్ళి చూసింది. సిమెంటు నేల, రేకుల కప్పు, పైదాకా లేచే ఇనప షట్టరు. మర్నాడే తన పీట, తీగచుట్టలు, వార్నిష్ డబ్బాలు బండికెక్కించింది. మోటారాయన వాకిట్లో నిలబడి చూస్తూ, "మరి నేను?" అన్నాడు.

"మీ ఇష్టం. మోటార్లు అక్కడికొస్తాయి."

అతనూ బండెక్కాడు.

మొదటి రోజుల్లో ఆమె ఆ ఎత్తయిన షట్టరు కింద నుంచి కూడా వంగే వెళ్ళేది. పంక్చర్లవాడు చూసి చూసి, "ఏం వెతుకుతున్నారమ్మా?" అని అడిగాడు. ఆమెకు అప్పటిదాకా తెలియలేదు. తెలిశాక నవ్వొచ్చింది, నవ్వుతూ ఉంటే కళ్ళు చెమర్చాయి. ఎంత గుర్తుపెట్టుకుని నిటారుగా నడిచినా, పని ధ్యాసలో పడితే మెడ దానంతటదే దిగేది.

రోడ్డు మీది షాపు కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా వచ్చారు. పని పెరిగింది. మధ్యాహ్నం ఇంటికి పోయి రావడం ఎందుకని ఒక స్టవ్ తెచ్చిపెట్టింది. నడుం వాల్చడానికి వెనకవైపు తడక కట్టి మంచం వేసింది. కూతురు సెలవులకు నేరుగా షాపుకే వచ్చింది. మంచం మీద అడ్డంగా పడుకుని కాళ్ళు గోడకు తన్నిపెట్టి, లారీల హారన్ల మధ్య పొద్దెక్కేదాకా నిద్రపోయింది. ఆమె అటు పోతూ ఇటు వస్తూ చూసుకుంది.

ఎండాకాలం వచ్చింది. ఆడపడుచు ఫోన్ చేసింది. ఆ వానరోజు తరవాత ఇద్దరూ పొడిపొడిగానే మాట్లాడుకుంటున్నారు.

"పిల్లలకు సెలవులిచ్చారు. వస్తున్నాం."

"రండి వదినా. తాళంచెవి పక్కింటి తాతగారికి ఇస్తాను. బియ్యం, పప్పు, నూనె అన్నీ ఉన్నాయి."

"నువ్వుండవా?"

"పనుంది వదినా."

అటు వైపు నుంచి "సరే" అని వినిపించింది.

కానీ వాళ్ళు వచ్చే ముందురోజు పొడుగమ్మ షాపు మూసి, ఇంటికి వెళ్ళి, అటక నుంచి పెరడుదాకా ఊడ్చి తుడిచింది. రాగికాగు చింతపండుతో తోమింది. పరుపులు ఎండబెట్టింది. ఎవరూ చెయ్యమనలేదు. చెయ్యకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. షాపు తీసుకున్నా, తాళం వేసినా, ఆ ఇల్లు తన వీపు మీదే ఉందని ఆ రోజు ఆమెకు అర్థమైంది.

వాళ్ళు వచ్చారు. మోటారాయన పగలు షాపులో, సాయంత్రాలు ఇంట్లో, ఇటుకూ అటుకూ తిరుగుతూ రెండువైపులా మాటలు మోశాడు. అక్కడ వంటకు తంటాలు పడుతున్నారని, మరిదికి పొయ్యి ముట్టించడం రాలేదని, మరిది భార్య నాలుగో రోజే పుట్టింటికి బయల్దేరిందని చెప్పాడు. పొడుగమ్మ తీగ చుడుతూనే వింది.

ఒక మిట్టమధ్యాహ్నం ఆడపడుచు గొడుగేసుకుని షాపుకు వచ్చింది. ముఖం కందిపోయి ఉంది. పొడుగమ్మ లేచి స్టూలు వేసి, మంచినీళ్ళిచ్చింది. ఆవిడ తాగి, చుట్టూ చూసింది. తడక వెనక మంచం, స్టవ్ పక్కన రెండు గిన్నెలు, మేకుకు వేలాడుతున్న కూతురి తెల్లకోటు.

"ఇదేనా?" అంది.

"ఇదే."

పొడుగమ్మ మళ్ళీ కూర్చుని తీగ అందుకుంది. ఆవిడ ఆ వేళ్ళనే చూస్తూ కూర్చుంది. బయట ఒక లారీ పోయింది. ఆ దుమ్ము అణిగాక, "నాకు పదహారేళ్ళకే పెళ్ళి చేశారు, తెలుసుగా" అంది.

"తెలుసు వదినా."

"మా అత్తగారింట్లో ఇన్నేళ్ళలో నా ఇష్టానికి ఒక్క మేకు కొట్టుకోలేదు. ఏ డబ్బా ఎక్కడుండాలో వాళ్ళే చెప్పారు. అత్తగారు పోయింది, పెత్తనం మా ఆయన పట్టుకున్నాడు. ఇప్పుడు కొడుకు. ఏడాదంతా ఒక్కటే అనుకునేదాన్ని, అక్కడ నాదొకటుంది, అది అలాగే ఉంది, ఎవరూ కదపలేదు అని." గొడుగు పిడి తిప్పుతూ ఆగింది. "నువ్వు దాన్ని పడగొట్టిస్తే నా కాళ్ళకింద నేల పోయింది."

పొడుగమ్మ చేతిలో తీగ ఆగిపోయింది. ఇన్నేళ్ళ కథల్లో ఆ కథ ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. జాలి వేసింది. జాలితోపాటు ఉక్రోషమూ వచ్చింది.

"మీకక్కడ మేకు కొట్టనివ్వలేదని, నన్నిక్కడ కొట్టనివ్వలేదా వదినా?"

"నేను పోయాక మార్చుకోవే" అంది ఆవిడ, ఒక రకంగా బతిమాలుతూ.

"అప్పటికి నా నడుమే వంగిపోతుంది. ఇంకా గుమ్మం ఎందుకు?"

ఆడపడుచుకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. పొడుగమ్మ కూడా నవ్వింది. కానీ ఆవిడ "ఎత్తించుకో" అనలేదు. ఈమె "ఉండనివ్వండి" అనలేదు. నవ్వు అయిపోయాక ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ వాళ్ళు వస్తారు. మరిది వానలకు ఒక్కరోజు వచ్చి వెళ్తాడు. గిన్నెలు తనే పెట్టుకుంటాడు, తనే పారబోస్తాడు. మోటారాయనకు ఆ ఇంట్లో తప్ప నిద్ర పట్టదు కాబట్టి అక్కడే పడుకుంటాడు. పొడుగమ్మ కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు షాపులో. షాపు అద్దెకిచ్చినవాడు ఎప్పుడు ఖాళీ చెయ్యమంటాడో తెలియదు. కూతురికి టౌనులో ఉద్యోగం వచ్చింది. వచ్చి తనతో ఉండమంటుంది. "వస్తానే" అంటుంది తల్లి. ఎండలు తగ్గాక అంటుంది, వానలు తగ్గాక అంటుంది. అక్కడికి పోతే అది కూతురి ఇల్లవుతుందన్నది ఆమె మనసులో మాట. అది మాత్రం చెప్పదు.

మొన్న చలికాలం ఆడపడుచు ఒక్కతే వచ్చింది. మోకాళ్ళనొప్పులు. చేతికర్ర పట్టుకుని ఆటోలో షాపు ముందుకొచ్చి, దిగకుండానే పిలిచింది.

"ఏమే, ఇంటికి రావా? ఒక్కదాన్నే ఉన్నాను."

పొడుగమ్మ చేతుల నిండా వార్నిష్. అప్పుడే ముంచి తీసిన మోటారు ఇనప కడ్డీకి వేలాడుతూ చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"ఇది ఆరాలి వదినా. ఆరితే వస్తాను."

"ఎప్పటికారుతుంది?"

పొడుగమ్మ మబ్బు పట్టిన ఆకాశం వైపు చూసింది. "ఎండ రాలేదుగా" అంది.

ఆవిడ కాసేపు చూసి, ఆటో కదలమంది. పొడుగమ్మ గుడ్డకు చేతులు తుడుచుకుని రెండో మోటారుకు తీగ చుట్టడం మొదలుపెట్టింది.